ఐదు చుక్కలు

పోయిన వేసవిలో మా పెద్దమ్మ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అనంతపురంలో శస్త్రచికిత్స జరిగింది. ఎముక అతికింది గానీ, మునుపటి నడక తిరిగిరాలేదు. చేతికర్రల బండి పట్టుకుని పది అడుగులు వేస్తుంది, పదకొండో అడుగుకు ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నదే ప్రశ్న. పెదనాయన పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కగానొక్క కొడుకు న్యూజెర్సీలో ఉన్నాడు. నేను బెంగుళూరులో, మెట్లు మాత్రమే ఉన్న మూడో అంతస్తు ఇంట్లో. కళ్యాణదుర్గం దగ్గరి మా పల్లెలో ఇరుగుపొరుగుకేమీ కొదవ లేదు కానీ, పని చేయగలిగిన వయసువాళ్ళంతా బెంగుళూరుకు వలసపోగా మిగిలింది పెద్దమ్మ ఈడువాళ్ళే. ఒకరిని ఒకరు పరామర్శించుకోగలరు, లేపి కూర్చోబెట్టలేరు.

ఒక రాత్రి అన్న ఫోన్ చేశాడు. "రేయ్, మంచి నర్సింగ్ హోమ్ చూడరా. రేటింగ్ నాలుగు చుక్కలకు తగ్గకూడదు. డబ్బు సంగతి నువ్వు ఆలోచించొద్దు."

మన వైపు నర్సింగ్ హోమ్ అంటే పది, పదిహేను మంచాల చిన్న ఆసుపత్రి. కాన్పులకూ, సెలైన్ ఎక్కించుకోవడానికీ పోయే చోటు. అన్న చెప్పింది ముసలివాళ్ళు శాశ్వతంగా ఉండి, నర్సుల చేత సేవ చేయించుకునే చోటు గురించి. మనకు దానికి దగ్గరి మాట వృద్ధాశ్రమం. ఆ మాట నోటికి రావడానికి ఇద్దరికీ మనసొప్పక, ఇంగ్లీషు పేరు చాటున మాట్లాడుకున్నామని తరువాత అర్థమైంది.

ఇంతకీ ఆ చుక్కలేమిటో తెలుసుకుందామని రెండు రాత్రులు అంతర్జాలంలో కూర్చున్నాను. అమెరికా ప్రభుత్వం 1998లో నర్సింగ్ హోమ్‌లను పోల్చిచూసుకునే ఏర్పాటు చేసింది. 2008 డిసెంబరు నుంచి ఒక్కొక్కదానికీ ఒకటి నుంచి ఐదు దాకా చుక్కలు ఇస్తున్నారు. మూడు సంగతులు లెక్కలోకి వస్తాయి: చెప్పాపెట్టకుండా వచ్చే తనిఖీలలో దొరికిన లోపాలు, మనిషికి ఎంతసేపు సిబ్బంది అందుబాటులో ఉన్నారన్నది, పుండ్లు పడడం, కిందపడడం వంటి ఆరోగ్యపు లెక్కలు. తనిఖీల చుక్కలను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంలో పోల్చి పంచుతారు. పైనున్న పది శాతానికి ఐదు, అట్టడుగు ఇరవై శాతానికి ఒకటి. అంటే ఐదు చుక్కలంటే గొప్పదని కాదు, చుట్టుపక్కలవాటికంటే మెరుగని మాత్రమే.

ఇంకొక మెలిక ఉంది. తనిఖీలు బయటివాళ్ళు చేస్తారు గానీ, తక్కిన రెండింటి లెక్కలూ మొదట ఆ సంస్థలే రాసి ఇచ్చేవి. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు! 2014లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ లొసుగును బయటపెట్టింది. చివరకు 2018లో సిబ్బంది లెక్కను జీతాల పట్టికలనుంచి తీసుకోవడం మొదలుపెట్టారు.

మన దగ్గర లెక్కలు దిద్దడం మాట అటుంచి, చుక్కలే లేవు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం ప్రతి జిల్లాలోనూ కనీసం ఒక వృద్ధాశ్రమం, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చాలేటట్టు ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చని చెప్పింది. 'చేయవచ్చు' అంది, 'చేయాలి' అనలేదు. ఎవరు బాగా చూస్తారు, ఎవరు చూడరు అన్నది మనమే పోయి తేల్చుకోవాలి.

అందుకని అమెరికావాళ్ళ ప్రశ్నలే ఒక కాగితం మీద తెలుగులో రాసుకుని అనంతపురం బస్సెక్కాను.

మొదటి చోట నున్నటి బండలు, ప్రతి వరండాలో కెమెరా, గోడలనిండా దాతల ఫోటోలు. నిర్వాహకుడు మర్యాదస్తుడు. రాత్రి నర్సు ఉంటుందా? ఉంటుంది సార్. పుండ్లు పడకుండా పక్కకు తిప్పుతారా? తిప్పుతాం సార్. కాగితం నిండా టిక్కులు పడ్డాయి. చుక్కలిచ్చే అధికారమే నాకుంటే ఐదూ అక్కడే ఇచ్చేసి వచ్చేవాణ్ణి.

బయటికి వస్తుంటే తలుపు పక్క మంచం మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. ఆమె గ్లాసు కిటికీలో బోర్లించి ఉంది. ఎండకు నాలుక పిడచగట్టే రోజులు. "నీళ్ళు తెచ్చివ్వమంటావా అవ్వా?" అన్నాను.

"వద్దు నాయనా. పొద్దు వాలినాక నీళ్ళు తాగం. రాత్రి లేయాల్సొస్తే ఎవురినో పిలవాల. పిలిస్తే ఎవురొస్తారు?"

నా కాగితం మీద రాత్రి నర్సు ఎదుట టిక్కు అట్లాగే ఉంది.

ఈ సీమలో నీళ్ళ విలువ నాకు ఒకరు చెప్పాలా? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో దేశంలోకెల్లా ఎండిన జిల్లాలలో ఒకటిగా పేరుపడ్డ నేలలో పుట్టాను. 1995-96లో సత్యసాయి మంచినీటి పథకం ఏడువందలకు పైగా పల్లెలకు నీళ్ళు తెచ్చినప్పుడు మా వైపు అదెంత పెద్ద ముచ్చటో గుర్తుంది. అయినా, మంచాన పడ్డ మనిషికి సేవ అంటే సగానికి సగం నీళ్ళేనన్న సంగతి తట్టలేదు. ఒళ్ళు తుడవడానికి, దుప్పటి ఉతకడానికి, మరుగుదొడ్డికి, మాత్ర మింగడానికి... అన్నింటికీ నీళ్ళే. నీళ్ళు తగ్గించుకున్న ముసలి ఒంటికి మూత్రంలో చీము, మలబద్ధకం, తల తిరిగి పడిపోవడం వరసగా వస్తాయి. అమెరికా లెక్కల్లో మూత్రపు ఇన్‌ఫెక్షన్ ఒక కొలమానంగా ఉంది. కానీ అది జరిగాక తేలే లెక్క. బోర్లించిన గ్లాసు జరగబోయేది చెబుతుంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. తరువాతి రెండు చోట్లకూ చెప్పకుండా, రాత్రి ఎనిమిదింటికి పోయాను. నిర్వాహకులను తరువాత కలవవచ్చని ముందు మంచాల దగ్గరికి నడిచాను. నీళ్ళెక్కడివి, బోరు ఎండితే తొట్టి ఎన్నాళ్ళొస్తుంది, రాత్రి మెలకువగా ఉండేదెవరు అని అడిగాను. ఒకచోట గేటు దగ్గరే ఆపేశారు. అదీ ఒక జవాబే.

మూడోది రేకుల కప్పు ఇల్లు. కెమెరాలు లేవు. డాక్టరు వారానికొకసారి వస్తాడు, నడక నేర్పేవాళ్ళు అసలే లేరు. కానీ ట్యాంకరు వచ్చిన తేదీలు ఒక నోటుపుస్తకంలో రాసి ఉన్నాయి. మంచాలకు దారంతో చిన్న గంటలు కట్టి ఉన్నాయి. నేనున్న గంటలో ఒక గంట మోగింది. ఆయా లేచి పోయింది, విసుక్కుంటూనే, కానీ పోయింది.

అన్నకు ఫోన్ చేశాను. "రేటింగ్ ఎంతరా?" అన్నాడు. నడక నేర్పేవాళ్ళు లేరని చెబితే చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనంలో తప్పు పట్టవలసిందేమీ లేదు. అక్కడ చేరితే పెద్దమ్మ మళ్ళీ నడిచే అవకాశం తగ్గుతుందని ఇద్దరికీ తెలుసు.

అప్పటికి గానీ, ఉండబోయే మనిషిని అడగలేదని ఇద్దరికీ గుర్తు రాలేదు.

పెద్దమ్మను ఆటోలో తీసుకుపోయి ఒక పూట అక్కడే కూర్చోబెట్టాను. అన్నం తిన్నది. చారులో ఉప్పెక్కువైందన్నది. ఆయా చేయి పట్టుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "ఏం పాపా, నెలనెలా జీతం సరిగ్గా ఇస్తారా నీకు?"

ఆయా నవ్వింది. "రెండు దినాలు అటూఇటూ అయితాది గానీ, ఇస్తారు పెద్దమ్మా. నాలుగేండ్లయింది నేనొచ్చి."

దారిలో, ఆ ప్రశ్న ఎందుకడిగావన్నాను. "చెనక్కాయ చేన్లో కూలి ఎగ్గొట్టినోని మడికి మర్నాడు ఎవురన్నా వస్తారా?" అన్నది. అమెరికావాళ్ళు జీతాల పట్టిక దాకా రావడానికి పదేళ్ళు పట్టింది. ఆమెకు ఒక పూట చాలింది.

శ్రావణంలో పెద్దమ్మ అక్కడ చేరింది. నడక మెరుగుపడలేదు. నెలకు రెండు శనివారాలు, పొద్దు వాలాక పోతాను. లోపలికి అడుగుపెట్టగానే ముందు గ్లాసు చూస్తాను. ఒకసారి బోర్లించి ఉంది. ఆ వారం ఆయా సెలవులో ఉందట, బదులు వచ్చిన పిల్ల గంటకు లేవదట. నిర్వాహకుడితో గట్టిగానే మాట్లాడాను. నేను లేని రాత్రుల మాట ఎవరు మాట్లాడతారన్నది మాత్రం నన్ను వదలలేదు. ఏ చుక్కా ఆ పని చేయదు. ఇప్పుడు పక్క మంచం అవ్వ మనవడూ నేనూ వారాలు మార్చుకుని పోతున్నాము. ఇద్దరం రెండు గ్లాసులూ చూస్తాము.

మీలో ఎవరికైనా ఇట్లాంటి వెదుకులాట తప్పకపోతే, పొద్దుగూకాక పోండి. ఆఫీసు గదిలోకి తరువాత పోవచ్చు.