కారుకొట్టములోని పాట

సంస్కృతము చదువుకొని, బడిలో ఇంగ్లీషు చెప్పి జీవించువాడు కాళిదాసును గూర్చియో షెల్లీని గూర్చియో వ్రాయవలెను గాని, 1960 ప్రాంతముల అమెరికా కుఱ్ఱవాండ్రు గిటారులు పట్టి చేసిన రభసను గూర్చి వ్రాయుట యేల యని మిత్రులు కొందఱు నన్ను ఆక్షేపించుచున్నారు. ఇంటిలో ఈ యాక్షేపణ మఱింత సున్నితముగా జరుగును. నా గదినుండి ఆ మ్రోత వినవచ్చినప్పుడెల్ల మా అత్తగారు నా భార్యతో, "అమ్మాయీ, అల్లుడుగారి పెట్టె చెడిపోయినట్లున్నదే, బాగుచేయించుకొమ్మని చెప్పు" అందురు. పెట్టె చక్కగానే యున్నది. ఆ పాటయే యట్టిది.

అట్టిదానిని 50, 60 సంవత్సరములు గడచిన పిమ్మట మరల నల్లని వినైలు పలకలమీద అచ్చొత్తి, క్రొత్త అట్టసంచులలో పెట్టి, వేల రూపాయలకు అమ్ముచున్నారు. కొనువారును ఉన్నారు, అందు నేనొకడను. 2022లో అమెరికాలో సి.డి.లు 3 కోట్ల 30 లక్షలు అమ్ముడుపోగా, వినైలు రికార్డులు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడుపోయినవి. 1987 తరువాత రికార్డు సి.డి.ని మించుట అదియే మొదలు. ఇందు పేరుమోసిన గాయకుల రికార్డులే యధికము. నేను చెప్పబోవునవి ఆ ప్రవాహమున నొక పిల్లకాలువ. అయినను విచారింపదగిన విషయమంతయు ఈ పిల్లకాలువలోనే యున్నదని నా తలంపు.

"గ్యారేజి రాక్" అను పేరునకు అర్థము సులభము. 1964 ఫిబ్రవరి 9వ తేదీన లివర్‌పూల్ నగరపు బీటిల్స్ నలుగురు అమెరికా టెలివిజనులో పాడిరి. ఆ రాత్రి చూచినవారు 7 కోట్లకు పైబడియుందురని లెక్క. అది మొదలు ఊరూర కుఱ్ఱలు జట్లు కట్టిరి. తండ్రి కారు పెట్టుకొను కొట్టమే వారికి అభ్యాసమందిరము. ఇంగ్లండులోని "బీట్" సంగీతము దీనికి అన్నగారు. దరువే దానికి ప్రాణము. అమెరికా పిల్లలలో పెక్కురు 16 మొదలు 20 ఏండ్లవారు. ఊరిలోని చిన్న కంపెనీవాడెవడో నిమిషమునకు 45 చుట్లు తిరుగు చిన్న రికార్డు కొన్ని వందలు అచ్చొత్తించెడివాడు. అంతలో కళాశాలయో, వివాహమో, వియత్నాము యుద్ధమునకు పిలుపో వచ్చెడిది. 1968 నాటికి ఆ జట్లలో ననేకము చెదరిపోయినవి.

వీరిలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది కింగ్స్‌మెన్ అను జట్టు పాడిన "లూయీ లూయీ". 1963 ఏప్రిలులో ఆరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లాండు నగరమున దానిని ముద్రించిరి. మైకును ఎత్తున కట్టుటచే పాడువాడు మెడ పైకెత్తి కేకలు వేయవలసివచ్చినది. మాట యొక్కటియు స్పష్టముగా వినబడదు. నడుమ గిటారు వాయింపు ముగియగానే అతడు తొందరపడి రావలసిన చోటికి ముందే చరణమెత్తుకొని, గ్రహించి ఆగును; డ్రమ్ములవాడు ఆ సందును తన వాయింపుతో కప్పివేయును. ఆ తప్పు నేటి పునర్ముద్రణములలోను అట్లే యున్నది. దానిని దిద్దుమని యెవ్వరును కోరరు. మన పండితులు ఋషుల వ్యాకరణదోషములను ఆర్షప్రయోగములని తలదాల్చుట లేదా!

ఆ తెలియని మాటలలో బూతులున్నవని పెద్దలకు అనుమానము పుట్టినది. ఇండియానా గవర్నరు 1964లో ఆ పాట అసభ్యమనెను. ఎఫ్.బి.ఐ. వారు రికార్డును పలువేగములతో త్రిప్పి త్రిప్పి విని, ఏ వేగమునను మాటలు బోధపడవని తుదకు తేల్చిరి. అసలు పాట 1957లో రిచర్డ్ బెర్రీ అను నల్లజాతి గాయకుడు విడుదల చేసినది. ఒక నావికుడు దూరముననున్న ప్రియురాలిని తలచుకొనుట తప్ప అందు మఱేమియు లేదు. పిల్లలను అడుగుట మాని వారి పుస్తకముల సంచులు వెదకు పెద్దలను నేను బడిలో నిత్యము చూచుచుందును గాన, ఈ వృత్తాంతము నాకు వింతగా తోచలేదు.

1972లో లెన్నీ కే అను యువకుడు ఎలెక్ట్రా కంపెనీకై ఇట్టి పాటలు 27 ఏరి, రెండు ఎల్.పి.లుగా కూర్చి, "నగ్గెట్స్" అని పేరిడెను; అనగా బంగారపు ముద్దలు. అప్పటికి ఆ పాటల వయస్సు ఆఱేడేండ్లే. కాని అంగళ్లవారికి అవి అప్పటికే పాతచెత్త. ఒక్క పద్యము చెప్పి కాలగర్భమున కలిసిన కవులు మనకెందఱు లేరు? వేటూరి ప్రభాకరశాస్త్రిగారు "చాటుపద్యమణిమంజరి" కూర్పకున్నచో వారి పద్యములలో నెన్ని నేడు మన నోట నుండెడివి? కే చేసినది అట్టి పని. పిమ్మట 1978లో "పెబుల్స్" అను సంపుటములు, 1983లో "బ్యాక్ ఫ్రమ్ ది గ్రేవ్" అనునవి మొదలైనవి. గోతినుండి లేచివచ్చుట యని ఈ రెండవదాని పేరు.

పునర్ముద్రణమునకు మొదట మాతృక కావలెను. మాతృక యనగా ఇక్కడ అసలు టేపు. దానినుండి, లక్క పూసిన అల్యూమినియము పళ్లెముమీద సూదితో గాడి చెక్కుదురు. దానిమీద లోహపు పూత పెంచి అచ్చులు తీయుదురు. ఆ అచ్చుల నడుమ వేడి వినైలు ముద్ద నునిచి నొక్కుదురు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా రాష్ట్రపు బానింగులో ఆ పళ్లెములు చేయు కర్మాగారము కాలిపోగా, ప్రపంచమంతకును జపానులోని కర్మాగార మొక్కటే మిగిలినది. ఇంత పెద్ద వ్యాపారము అంత సన్నని దారముపై వ్రేలాడుచున్నది.

చిన్న కంపెనీలు మూతపడినవి గాన టేపు పెక్కుసారులు దొరకదు. అప్పుడు లోకమున మిగిలిన రికార్డులలో అరుగుదల లేనిదానిని వెదకి, దానినే వాయించి ఎత్తివ్రాసికొందురు. బ్రౌనుదొర ఒక్కొక్క కావ్యమునకు పలుప్రతులు తెప్పించి, పండితులచే సరిచూపించి, శుద్ధప్రతి వ్రాయించిన శ్రమ యెట్టిదో ఇదియు నట్టిదే. చిటపటలను కొంత తగ్గింపవచ్చును. హద్దు మీరినచో తాళపుచిప్పల గలగలయు వానితోడనే పోవును. ఇంకొక దోషము కలదు. ఆనాటి చిన్న రికార్డులు చాలవఱకు మోనో, అనగా ధ్వని యంతయు నొకేచోటినుండి వచ్చునది. పిదప కొన్ని కంపెనీలు దానిని యంత్రముతో చీల్చి స్టీరియో యని అమ్మినవి. దీనిని నేను ప్రక్షిప్తమందును. వాషింగ్టన్ రాష్ట్రపు టకోమాలోని సోనిక్స్ జట్టువారి 1965 నాటి తొలి ఎల్.పి.లో గొంతు చిరుగును, డ్రమ్ములు పగులును; అది వారు కోరి తెచ్చుకొన్న కరకుదనము. దానిని నునుపు చేసినవాడు దానికి మేలు చేసినవాడు కాడు.

క్రిందటి యేడు నేను 3,200 రూపాయలు పెట్టి యొక పునర్ముద్రణమును తెప్పించితిని. అట్టమీద "180 గ్రాములు" అని బంగారు అక్షరములు. ఏ టేపునుండి తీసిరి, ఎవరు సరిచూచిరి, సొమ్ము ఎవరికి చేరును అను మాటలు లోపల గాని వెలుపల గాని లేవు. నాయొద్దనున్న పాత సి.డి.తో పోల్చి వింటిని. సి.డి.లో నొకచోట శబ్దము తెగును. రికార్డులోను సరిగా ఆ చోటనే తెగినది. రెండు ప్రతులలో నొకే లేఖకదోషమున్నచో ఒకదానినుండి రెండవది పుట్టినదని మొదటి పాఠముననే నేర్పుదురు. అమ్మినవానికి వ్రాసితిని, జవాబు లేదు. పలక బరువు పాఠశుద్ధికి ప్రమాణము కాదని ఈ సరకు కొనువారెల్లరు ఎఱిగియుండుట మంచిది.

సొమ్ము సంగతి యింతకంటె గట్టిది. రిచర్డ్ బెర్రీ 1959లో తన పెండ్లి ఖర్చులకై "లూయీ లూయీ" మీది హక్కులను 750 డాలర్లకు అమ్ముకొనెను. వందలమంది పాడిన పాటకు కర్త యయ్యు చాలకాలము పేదగానే బ్రదికెను. 1980వ దశకమున వకీళ్ల సాయముతో గాని అతనికి న్యాయమైన భాగము దక్కలేదు. కింగ్స్‌మెన్ వారును, తమ రికార్డులమీద రావలసినది దశాబ్దములుగా రాలేదని వ్యాజ్యమాడి 1998లో గెలిచిరి. గెలిచినవారి కథలు గనుక ఇవి మన చెవిని పడినవి. పేరులేని పట్టణమున ఒక్క రికార్డు చేసి, ముదుసలియై, తన పాట విదేశమున మరల అచ్చయినదని యెవరో చెప్పగా వినువానికి వకీలు నెవరు పెట్టుదురు? అట్టివానిని వెదకి పట్టుకొని, ఒడంబడిక వ్రాసికొని, అతని మాటలనే అట్టమీద అచ్చువేయు ప్రకాశకులును లేకపోలేదు. వారి రికార్డునకు ఐదువందలు ఎక్కువైనను నేను సణుగను.

మన దేశమునను ఈ కథ కొంత జరిగినది. సిమ్లా యను సిగరెట్ల ప్రచారమునకై ఇంపీరియల్ టొబాకో కంపెనీవారు అఖిలభారతమైన పాటల పోటీ నడపిరి. అందుండి "సిమ్లా బీట్" అను పేర 1970లో నొకటి, 1971లో నొకటి ఎల్.పి.లు వెలువడినవి. మదరాసునుండి కన్‌ఫ్యూజన్స్, షిల్లాంగునుండి ఫెంటోన్స్ మొదలగు జట్లు అందు పాడినవి. పొగత్రాగుడు నేర్పుటకు పిల్లల పాటను ఎఱగా వేయుట నీచమైన వ్యాపారము. ఆ సొమ్ము లేకున్నచో ఆ పిల్లల గొంతులు నేడు మనకు వినబడెడివి కావు. ఈ రెండు మాటలును నిజమే. ఒకదానితో రెండవదానిని కొట్టివేయుటకు నాకు మనసొప్పదు. ఆ రికార్డులు పిదప విదేశములలో పునర్ముద్రితములైనవి. నేను వినుచున్నది ఆ ప్రతులనే.

నాడు ఇరువది యేండ్లవారు నేడు డెబ్బది దాటినవారు. చదువరుల యిండ్ల అటకలమీద అట్టి రికార్డులున్న నుండవచ్చును. పాతసామానులవానికి వేయకుడు. ఒకదానిపై నొకటి పేర్పక, ఎండ తగులనిచోట నిలువుగా నుంచుడు. అంచులు మాత్రమే పట్టుకొనుడు, నూనెగుడ్డతో తుడువకుడు. తాతగారి గ్రామఫోను ఉక్కుసూది క్రింద పెట్టి వాయింపకుడు. ఆ బరువునకు వినైలు గాడి ఒక్కసారికే పాడగును. నడిమి కాగితము చుట్టునున్న నున్నని భాగమున సన్నగా గీయబడిన అంకెలుండును. వానిని వెలుతురునకు పట్టి చూచి వ్రాసికొనుడు. ఆ పలక యే మాతృకనుండి దిగినదో వానినిబట్టి పోల్చుకొనవచ్చును.