స్టాండు వేసిన సైకిలు

చిన్నప్పుడు నాన్న సైకిలు ఇంట్లో ఉందంటే మాకు పండగ. రోడ్డు మీద నడిపేంత ఎత్తు మాకు లేదు, ఇచ్చే ఉద్దేశం ఆయనకీ లేదు. అంచేత పంచలో స్టాండు వేసి ఉన్న సైకిలెక్కి, వెనక చక్రం గిర్రున తిరిగేదాకా తొక్కడమే. డైనమో వంచి టైరుకి ఆనిస్తే ముందు లైటు వెలిగేది, ఆ వెంటనే పెడలు కాస్త బరువయ్యేది. "ఊరికే తొక్కితే ఫ్రీవీలు అరిగిపోద్దిరా, దిగు!" అని లోపల్నించి కేక. ఇలాంటి కేకలు మీలో చాలామంది తినే ఉంటారు.

ముప్ఫై ఏళ్ల తర్వాత సరిగ్గా అదే పని చెయ్యడానికి డబ్బు పోసి ఒక యంత్రం కొన్నాను. ఇండోర్ ట్రైనర్ అంటారు దాన్ని. బెంగుళూరులో ఉండే సహోద్యోగి ఒకాయన ఆర్నెల్లు వాడి విసుగొచ్చి అమ్మేస్తే, సెకండ్ హ్యాండులో తీసుకున్నా.

చూడనివాళ్ల కోసం చెప్తున్నా. సైకిలు వెనక చక్రాన్ని ఒక ఇనప చట్రంలో బిగిస్తారు. టైరుకి ఆనుకుని ఒక రోలర్ ఉంటుంది. అయస్కాంతాల బలంతో ఆ రోలరు తేలిగ్గా తిరగకుండా చేస్తారు. మన డైనమో వ్యవహారమే, కాకపోతే ఆ డైనమో మింగేది మూడు వాట్లు, ఇది వందల వాట్లు మింగగలదు. ఖరీదైన రకాల్లో వెనక చక్రం తీసేసి చైను నేరుగా యంత్రానికే తగిలిస్తారు. స్మార్ట్ ట్రైనర్ అయితే మనం ఎన్ని వాట్లు తొక్కుతున్నామో బ్లూటూత్‌లో ఫోనుకి చెప్తుంది. 2014లో వచ్చిన జ్విఫ్ట్ లాంటి ప్రోగ్రాములకి తగిలిస్తే, తెరమీద కొండ రాగానే ఇక్కడ పెడలు బరువెక్కుతుంది.

కొండెక్కడానికి తెర ఎందుకు, కోటప్పకొండ పక్కనే ఉందిగా, దానికి ఘాట్ రోడ్డు కూడా ఉందిగా అంటారా? అక్కడికే వస్తున్నా.

మాది చిలకలూరిపేట నుంచి పర్చూరు పోయే దారిలో ఒక ఊరు. నల్లరేగడి నేల, పత్తి, మిరప. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాదు నుంచి ఇంటికొచ్చాను. కంపెనీవాళ్లు మళ్లీ రమ్మనలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు :) ఆ ఏడే గేర్ల సైకిలు కొన్నా. తెల్లారుజామున పొలాల మధ్య ముప్ఫై కిలోమీటర్లు తొక్కొచ్చి ఎనిమిదింటికి కాల్‌లో కూర్చోవడం... ఆ రెండేళ్లు నా ఒంటికి మహర్దశ.

2022 జనవరిలో ఒకరోజు, మంచు దట్టంగా ఉంది. రోడ్డు మీద మిరపకాయ టిక్కీలతో ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కు. వెనక లైటు లేదు, కనీసం రిఫ్లెక్టరు స్టిక్కరు కూడా లేదు. పోయి గుద్దుకున్నా. భుజం దగ్గర ఎముక విరిగింది. తప్పంతా వాళ్లదే అననులెండి, ఆ మంచులో ఆ స్పీడు నాదే. కానీ మా ఆవిడ ఒకటే మాట అంది: "మీకు ఏమన్నా అయితే పిల్లలకి నేనేం చెప్పను?" సైకిలు గోడకెక్కింది.

ఏడాదిన్నర కదలకుండా కూర్చున్నా. 2023లో రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు షుగరు 6.3. 6.5కి చేరితే షుగరు వ్యాధి అంటారు. నాన్నకి 2006 నుంచీ ఉంది కాబట్టి ఆ దారి ఎటు పోతుందో నాకు బాగా తెలుసు. ఆ జూన్‌లోనే పేపర్లో చూశా, భారత వైద్య పరిశోధన మండలి వాళ్ల సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్లమందికి షుగరుందట. మన కుర్చీల బతుకులకి అందులో సీటు రిజర్వు అయ్యే ఉంటుంది. తొక్కేటప్పుడు తొడ కండరాలు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోంచి గ్లూకోజు లాక్కుంటాయి. శరీరంలోని పెద్ద కండరాల్లో అవీ ఉన్నాయి. అంచేత మళ్లీ తొక్కాలి, కానీ రోడ్డెక్కకూడదు. అలా వచ్చింది ట్రైనరు ఇంటికి.

ఇక అనుభవాలు. మొదటిది, వేడి. మనిషి తినే శక్తిలో పావు వంతు కంటే తక్కువే పెడలుకి చేరుతుంది, మిగతాదంతా వేడి. నేను 130 వాట్లు తొక్కితే ఒంట్లోంచి దాదాపు 400 వాట్ల వేడి బయటికి పోవాలి. రోడ్డు మీదైతే ఎదురుగాలి చూసుకుంటుంది, గదిలో ఆ గాలి లేదు. ఏప్రిల్లో మా గుంటూరు ఎండలకి, ఫ్యాన్ లేకుండా పది నిమిషాలు తొక్కి చూశా. కళ్లు బైర్లు కమ్మాయి. మీరు ట్రైనరు కొనే ముందు గట్టి టేబుల్ ఫ్యాను కొనండి, కరెంటు పోతుంటే ఇన్వర్టరు కూడా. చెమట హ్యాండిల్ మీద కారి బోల్టులు తుప్పు పడతాయి, ఒక పాత తువ్వాలు కప్పండి. వెనక టైరు త్వరగా అరుగుతుంది, పాతది వేసుకోండి. మొదటి నెలలో వీరోచితంగా తొక్కకండి, మాట్లాడగలిగేంత ఆయాసం చాలు.

రెండోది, సిగ్గు. దీని గురించి ఎవరూ రాయరు.

మిరప కోతలకి కర్నూలు వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు వలస వస్తాయి. మా వీధి చివర ఖాళీ స్థలంలో గుడిసెలు వేసుకున్నారు. సాయంత్రం పొద్దున్నుంచీ నడుం వంచి కాయలు కోసి వచ్చేవేళకి, కిటికీలోంచి నేను ఎక్కడికీ పోని సైకిలు తొక్కుతూ కనిపిస్తా. ఒకరోజు ఒకావిడ ఆగి, "ఏం సార్, కరెంటు తీస్తన్నారా?" అని అడిగింది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. ఆ రాత్రి లెక్కేశా. ముప్పావు గంట 130 వాట్లంటే యూనిట్లో పదో వంతుకి కూడా తక్కువ. అందులో సగం పైగా ఫ్యానే తినేస్తుంది. మర్నాటి నుంచి ట్రైనర్ని వెనక గదిలోకి మార్చా.

కొన్నాళ్లకి మళ్లీ ముందుగదిలోకే తెచ్చాననుకోండి. ఎందుకంటే, "మా రోజుల్లో పనే వ్యాయామం" అనే మాట ఎంత అందంగా ఉన్నా నిజం కాదని తేల్చుకున్నా. ఆమె నడుం నొప్పి వ్యాయామం కాదు, నా కుర్చీ విశ్రాంతీ కాదు. ఆమెకి శ్రమ ఎక్కువై ఒళ్లు పోతోంది, నాకు తక్కువై పోతోంది. నేను సిగ్గుపడి తొక్కడం మానేస్తే ఆమె కూలి రూపాయి పెరగదు. మా పొలంలో కోతకొచ్చినవాళ్లకి రేటు పెంచమని నాన్నతో పోట్లాడితే పెరిగింది, కొద్దిగా. సిగ్గు ఆ మాత్రం పనికొచ్చింది.

ఇంకో మాట. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు తెరిచారు, పైన సోలార్ కప్పుతో. సంతోషం. కానీ సైకిలు మీద నిజంగా పనికి పోయేవాళ్లు మా ఊళ్లలాంటి చోట్ల ఉన్నారు. వాళ్లకి కప్పు అక్కర్లేదు, తారు పక్కన మూడడుగుల మార్జినూ, ట్రాక్టర్లకి వెనక స్టిక్కర్లూ చాలు. ట్రైనరు నా గుండెకి మందే, కానీ రోడ్డుకి మందు కాదు. నాలాంటివాళ్లంతా గదుల్లోకి పోతే అడిగేవాళ్లు కూడా ఉండరు.

నాన్న సైకిలు అట్లాసు. ఆ కంపెనీవాళ్లు సాహిబాబాద్ ఫ్యాక్టరీ ఆపేసింది 2020 జూన్ 3న, అదీ ప్రపంచ సైకిలు దినోత్సవం రోజున! చెప్తే నాన్న రెండు నిమిషాలు మాట్లాడలేదు. ఒకసారి ఎండలో కళ్లు తిరిగి పడ్డాక ఆయన్నీ మేమే మాన్పించాం. మొన్న సంక్రాంతికి పిల్లలు ట్రైనరెక్కి గిరగిరా తిప్పుతుంటే, అలవాటు ప్రకారం "ఫ్రీవీలు అరిగిపోద్ది" అని నా నోట్లోంచి వచ్చేసింది. నాన్న విని నవ్వి, "నేనెక్కనా ఒకసారి?" అన్నాడు. డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగి, సీటు దించి, లోడు తీసేసి, పక్కన నిలబడ్డా. డెబ్భై నాలుగేళ్ల మనిషి పది నిమిషాలు తొక్కాడు. దిగి, "కాళ్లకి బాగానే ఉంది గానీ, ఎవరూ పలకరించరేందిరా దీనిమీద" అన్నాడు.

మొన్నటి పరీక్షలో నాకు 5.8 వచ్చింది. రాత్రిపూట అన్నం తగ్గించిన పుణ్యం కూడా అందులో ఉంది. ఇప్పుడు నాన్న రోజూ పొద్దున పది నిమిషాలు, నేను వారంలో నాలుగు సాయంత్రాలు. ఆదివారం మాత్రం, బాగా తెల్లారి వెలుగొచ్చాక, లారీలు రాని సాగర్ కాలవ కట్ట మీద తొక్కొస్తా. వెనక రెండు ఎర్ర లైట్లు పెట్టుకుని, మా ఆవిడకి చెప్పి. దార్లో కనిపించినవాళ్లని నేనే ముందు పలకరిస్తున్నా.