అడిగే తీరు

డీ-అడిక్షన్ కౌన్సెలర్ గదిలో ఉండేవి రెండు కుర్చీలు, ఓ టేబుల్, మంచినీళ్ల గ్లాసు. తాగుడు మాన్పించే మనిషి పనిముట్లు ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే. మిగిలిందంతా అడిగే తీరులో ఉంది. "ఎందుకు తాగుతున్నావ్?" అంటే ఎదుటివాడు సాకులు వెతుక్కుంటాడు, "మానేస్తే మీకేం కలిసొస్తుందనుకుంటున్నారు?" అంటే కాసేపు ఆగి, కూతురి ఫీజు సంగతి ఎత్తుతాడు. మానాలన్న మాట అతని నోటి నుంచే రావాలి. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించిన పద్ధతికి ఇదే ప్రాణం. 1993లో ఆయన బృందం ప్రచురించిన అధ్యయనంలో, కౌన్సెలర్ ఎంత గద్దిస్తే మనిషి ఏడాది తర్వాత అంత ఎక్కువ తాగుతున్నట్టు తేలింది. మన ఇళ్లలో గద్దింపులకు కొదవేముంది!

మాటలతో మానేదైతే ఆస్పత్రులెందుకని అడగొచ్చు. నిజమే, ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అక్కడ డాక్టరే దిక్కు. కానీ ఒళ్లు కుదుటపడి ఇంటికెళ్లాక, జీతం రోజు సాయంత్రం అదే బ్రాందీ షాపు ముందు ఏం చేయాలన్నది మాటల్లోనే తేలాలి. తాగినవాడి బాధ తాగినవాడికే తెలుస్తుందనే వాదనా ఉంది. 1935లో అమెరికాలోని యాక్రన్‌లో ఇద్దరు తాగుడు బాధితుల కలయికతోనే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. అయితే 1980లో చెన్నైలో టీటీ రంగనాథన్ ఫౌండేషన్ స్థాపించిన శాంతి రంగనాథన్ తాగుడుకు భర్తను పోగొట్టుకున్న మనిషి. వినడం ఆమెకు ఇంటివాళ్ల వైపు నుంచి వచ్చింది.

ఎవరిని అడగాలో తెలియని ఇంటివాళ్లకు జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది. ఫోన్ చేయడానికి డబ్బులక్కర్లేదు.