కొండ కింద కోనాం... కడలి ఒడ్డున ఇంజను!

చీడికాడలో ‘కోనాం’ అంటే జలాశయం. అదే మాట పూడిమడకలో అంటే నోరూరించే చేప! రెండు ఊళ్లూ అనకాపల్లి జిల్లాలోనివే. ఒకటి తూర్పు కనుమల పాదాల దగ్గర, మరొకటి బంగాళాఖాతం ఒడ్డున. మధ్యలో చెరకు తోటలు, వరి మళ్లు, బెల్లం వాసన. ఈ రెండింటినీ కలిపేది నీళ్లే. కొండల్లోంచి దిగే బొడ్డేరును చీడికాడ మండలంలో కోనాం దగ్గర ఆపితే జలాశయమైంది. బొడ్డేరు శారదా నదికి ఉపనది. ఆ శారద అనకాపల్లి పక్కగా సాగి రాంబిల్లి తీరాన సముద్రంలో కలుస్తుంది. దానికి పొరుగునే అచ్యుతాపురం మండలంలోని పూడిమడక. నీటి వెంట నడిస్తే కొండ నుంచి కడలి దాకా ఓ చక్కని ఆదివారం ప్రయాణం!

కట్ట మీద కాసేపు

అనకాపల్లి నుంచి చోడవరం మీదుగా చీడికాడ దారి పడితే కొండలు మెల్లగా దగ్గరికొస్తాయి. కోనాం కట్ట మీద నిలబడితే ఎదురుగా నీళ్లు, వెనక కొండల వరస. ఈ జలాశయం గరిష్ఠ నీటిమట్టం 101.25 మీటర్లు. వానాకాలంలో ఇక్కడి రైతులు ఆ అంకెను పిల్లల మార్కుల్లా చూసుకుంటారు. దేవరాపల్లి వైపు రైవాడ, మాడుగుల వైపు పెద్దేరు... అన్నీ కనుమల నీటిని పట్టి పొలాలకు పంచేవే. తిరుగు దారిలో మాడుగుల హల్వా పొట్లం కట్టించుకోకుండా వచ్చేవాళ్లు తక్కువ.

ఇక్కడ నీరు నెమ్మది. తెడ్డు చాలు. అదే నీరు సముద్రంలో కలిసే చోట తెడ్డుతో పని జరగదు. అలలు విరిగే చోటును దాటాలంటే పడవ ఒక్క ఊపున ముందుకు దూకాలి. ఆ క్షణంలో వెనక ఇంజను ‘గుర్రు’మని ఊరుకుంటే పడవ అలకు అడ్డం తిరుగుతుంది. బోల్తా పడితే వల, ఇంజనే కాదు, మనిషి ప్రాణమూ పోవచ్చు. అందుకే తీరంలో పాత ఇంజను ‘పికప్’ అన్నది చావుబతుకుల మాట.

రెండు నెలల నిద్ర

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రెండు నెలలూ ఇంజన్లకీ విశ్రాంతే. తీరా జూన్ 15న తాడు లాగితే ఇంజను పలుకుతుంది, కానీ హ్యాండిల్ తిప్పితే లాగదు. ‘ఏటయ్యింది బావా, బండి అందుకోట్లేదేటి?’ అన్న మాట అప్పుడే వినిపిస్తుంది. వేట మొదలైన తొలి రోజులు పోతే ఆ ఇంటికి ఎంత నష్టమో చెప్పక్కర్లేదు.

పడవ వెనక చెక్కకు బిగించే ఈ ఇంజను వయసు నూరేళ్లు దాటింది. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో వీటిని అమ్మడం మొదలుపెట్టాడు. సరస్సు అవతలి నుంచి ఐస్‌క్రీం తెస్తే, తెడ్డు వేసే లోపు అది కరిగిపోయిందట. ఆ ఉక్రోషంలోంచే ఇంజను పుట్టిందని ఓ కథ! ఆయన పేరుతో నడిచిన ఇంజన్ల తయారీ 2020లో ఆగిపోయింది. పాత ఇంజను ఉన్నవాళ్లకు సామాన్లు దొరకడం కష్టమైంది కానీ, దాని జబ్బు కనిపెట్టే పద్ధతి మాత్రం మారలేదు.

ముందు ఒకే ప్రశ్న

హ్యాండిల్ తిప్పగానే చప్పుడు పెరుగుతోందా, లేదా? సగం వైద్యం ఈ ప్రశ్నలోనే ఉంది.

చప్పుడు పెరిగి, పడవ మాత్రం కదలకపోతే ఇంజను తప్పు కాదు. కింద ఫ్యాను దగ్గర చూడాలి. రెక్కకు వల తాడో, నాచో చుట్టుకుని ఉండొచ్చు. రెక్క అంచులు రాయి తగిలి వంగి ఉండొచ్చు. చాలా ఫ్యాన్ల నడుమ ఓ రబ్బరు బుష్ ఉంటుంది. పాతబడితే అది జారిపోతుంది. లోపలి ఇరుసు తిరుగుతుంది, రెక్కలు తిరగవు. దీన్ని పట్టుకోవడం తేలిక. లోపలి గొట్టం మీద, బయటి భాగం మీద కలిసేలా రంగుతో ఒక గీత గీసి కాసేపు నడపాలి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే బుష్ పోయినట్టే! ఇంజనును మరీ పైకి బిగించినా ఫ్యాను నీటికి బదులు గాలిని కోస్తుంది. అప్పుడూ చప్పుడే తప్ప నడక ఉండదు.

చప్పుడే పెరగకుండా ఇంజను మూలుగుతుంటే? దానికి అందాల్సినవి నాలుగే. ఇంధనం, గాలి, నిప్పురవ్వ, ఒత్తిడి. వీటిని చవకైన దాని నుంచి ఖరీదైన దాని వైపు చూసుకుంటూ వెళ్లాలి. చాలామంది తిరగేసి మొదలుపెట్టి, జేబు ఖాళీ చేసుకుంటారు.

పైసా ఖర్చు లేని పరీక్షలు

మొదటిది ట్యాంకు మూత. దాని మీద గాలి మర మూసుకుపోతే కాసేపు బాగానే నడిచి తర్వాత నీరసిస్తుంది. మూత వదులు చేయగానే ఊపు వస్తే కారణం దొరికినట్టే. ఖర్చు సున్నా!

రెండోది గొట్టం మధ్యలోని రబ్బరు బుడ్డి. ఇంజను మూలుగుతున్నప్పుడు మరొకరు దాన్ని చేత్తో పిసకాలి. వెంటనే అందుకుంటే పెట్రోలు పంపు బలహీనపడిందని, లేదా గొట్టం ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం. బుడ్డి దానంతటదే లోపలికి నొక్కుకుపోతుంటే ట్యాంకు వైపు అడ్డు ఉన్నట్టు.

మూడోది చోక్. ఇంజను నడుస్తుండగా చోక్ కొంచెం లాగితే బలం పుంజుకుందా? అయితే పెట్రోలు చాలట్లేదు. కార్బొరేటర్‌లోని సన్నటి జెట్లు జిగురు కట్టి మూసుకుని ఉంటాయి. రెండు నెలలు ట్యాంకులో నిల్వ ఉన్న పెట్రోలు చేసే పని ఇదే.

నాలుగోది ప్లగ్గులు. బిస్కెట్ రంగులో ఉంటే ఆరోగ్యం. నల్లగా తడిసి ఉంటే ఆయిల్ ఎక్కువైందని, లేదా రవ్వ రావట్లేదని. తెల్లగా ఉంటే ఇంధనం తక్కువై ఇంజను వేడెక్కుతోందని. 50కి 1 పాళ్లు అడిగే టూ స్ట్రోక్ ఇంజనుకు లీటరు పెట్రోలులో 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి. మరీ పాతవి అంతకన్నా ఎక్కువ అడుగుతాయి. ఎంతన్నది ఆ ఇంజను పుస్తకమే చెప్పాలి.

ఐదోది తీగలు, లింకులు. ఇంజను ఆపేసి, మూత తీసి, హ్యాండిల్ పూర్తిగా తిప్పి చూడాలి. కార్బొరేటర్ తలుపు పూర్తిగా తెరుచుకోకపోతే మిగతావన్నీ బాగున్నా లాభం లేదు. చాలా పాత ఇంజన్లలో నిప్పు పడే సమయం కూడా ఆ లింకుతోనే ముందుకు జరుగుతుంది.

ఇవన్నీ అయ్యాకే కంప్రెషన్ గేజీ. రెండు సిలిండర్ల అంకెలూ దాదాపు సమానంగా ఉండాలి. పది, పదిహేను శాతానికి మించి తేడా ఉంటే రింగులో, గాస్కెట్టో అరిగినట్టు. ఇక మెకానిక్ చేతిలో పెట్టాల్సిందే. ఒక్క హెచ్చరిక... నీళ్లు లేకుండా ఇంజనును నడపొద్దు. ఒడ్డున పరీక్షించాలంటే నీళ్ల డ్రమ్ములో దించాలి. లేదంటే లోపలి రబ్బరు పంపు క్షణాల్లో కాలిపోతుంది. వెనక నుంచి సన్నటి నీటి ధార వస్తోందో లేదో ఎప్పుడూ గమనిస్తుండాలి.

చెరకు రసం చిక్కు!

ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌ను చెరకు నుంచీ, ధాన్యం నుంచీ తీస్తారు. చీడికాడ దారి పొడవునా కనిపించే చెరకుకూ, తీరాన ఇంజనుకూ ఇలా కొత్త చుట్టరికం కలిసింది! చెరకు రైతుకు మంచిదే. అయితే ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రపు గాలిలో నిల్వ ఉంచితే నీరు చేరి అడుగున వేరుపడుతుంది. పాత రకం రబ్బరు గొట్టాలు మెత్తబడి లోపల రాలుతాయి. కాబట్టి నిషేధం మొదలయ్యే ముందే ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేయాలి. జూన్‌లో కొత్త పెట్రోలు పోయాలి. ఇంధనానికి పనికొస్తాయని రాసి ఉన్న గొట్టాలే కొనాలి. కిరోసిన్‌తో నడిచే ఇంజన్లయితే ఆపే ముందు కాసేపు పెట్రోలు మీద నడిపితే మర్నాడు మొరాయించవు.

ఇన్నీ చూశాక పడవనూ ఓసారి చూడాలి. అడుగున అంటుకున్న గుల్లలు, నాచు, అట్టల కింద నానిన నీరు... ఇవన్నీ బరువే. ఇంజనులో లోపం లేకపోయినా పడవ కదలదు. ఎంత బాగుచేసినా సరే, తెడ్లు, లైఫ్ జాకెట్లు పడవలో ఉండాల్సిందే.

పూడిమడక పేరు ఈమధ్య దేశమంతా వినిపించింది. 2025 జనవరి 8న అక్కడి గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. రేపటి ఇంధనం సంగతి అది. ఈ రోజు వేట సాగాలంటే మాత్రం పాత ఇంజనే దిక్కు. దానికి పెద్ద శత్రువు ఉప్పు. ఒడ్డుకు చేరగానే మంచినీళ్లతో లోపలి దారులు కడిగితే దాని ఆయుష్షు పెరుగుతుంది. కొండ కింది నుంచి కాలువలై, నదై వచ్చే తియ్యటి నీరు పొలాలనే కాదు, కడలి ఒడ్డున ఇంజన్లనూ కాపాడుతుంది మరి!