అంబాడా కాదు, ఖాలా

మా మొహల్లాలో ఎవరింట్లో మొక్కకు జబ్బు చేసినా నాకు కబురొస్తుంది. అఖ్బార్‌లో పనిచేసేవాడికి అన్నీ తెలుసని జనం గుమాన్. పైగా మా ఛత్ మీద ముప్ఫై దాకా గమ్లాలున్నాయి. ఉర్దూ మీడియంలో చదివిన రోజుల్లో అవి గమ్లాలు, తెలుగులో డిగ్రీ చేశాక కుండీలయ్యాయి. ఏ జబాన్‌లో పిలిచినా వాటి తక్లీఫ్ మాత్రం ఒకటే, నీళ్ళు ఎక్కువ కావడం.

తక్కువ కావడం కాదు, ఎక్కువ కావడమే. మన ఆదిలాబాద్‌లో మే నెల ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది కాబట్టి మొక్క వాలిపోతే చాలు, ఆడవాళ్ళు రహమ్‌తో లోటా ఎత్తుతారు. పైగా కుండీలో నింపేది చేనులోంచి తెచ్చిన నల్ల రేగడి. పత్తికి రేగడి నేమత్. రోజుల తరబడి నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టే వాన మొహం చాటేసినా చేను బతుకుతుంది. అదే మట్టిని బకెట్‌లో నింపితే తడిసినప్పుడు ఉబ్బి ముద్దయిపోతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. జడ్‌కు గాలి ఆడదు. గాలి లేని వేరు కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు, అందుకే తడి మట్టిలో ఉండి కూడా మొక్క దాహంతో ఉన్నట్టు వాలుతుంది. మనం మళ్ళీ నీళ్ళు పోస్తాం.

మొన్న చలికాలం పోయే ముందు, మా గల్లీ చివర ఉండే ఖాలా నుంచి కబురొచ్చింది. అరవై ఐదు దాటిన మనిషి, బేవా. కూతురూ దామాదూ సౌదీలో ఉంటారు. వాళ్ళ కొడుకు, అంటే ఖాలా నవాసా, డిగ్రీ చదువుకుంటూ ఆమె దగ్గరే ఉంటాడు. ఖాలా ఇజాజత్ తీసుకునే ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. ఆనవాళ్ళు కూడా కొన్ని మార్చాను.

"బేటా, మేరా అంబాడా పీలా పడ్‌గయా. జర దేఖో" అంది. అంబాడా అంటే మన తెలుగోళ్ళ పుంటికూర. ఛత్ మీద నీళ్ళ టాంకీ వెనక, గోడ మూలకు, పెయింట్ డబ్బాలో ఉంది మొక్క. నడుమెత్తు పెరిగింది. కింది ఆకులు పసుప్పచ్చగా మారి రాలుతున్నాయి. పై ఆకుల కొసలు గోధుమ రంగులో మాడాయి. డబ్బా అంచు చుట్టూ తెల్లటి పొర కట్టింది, బోరు నీటి ఉప్పు అది. వేలు గుచ్చితే రెండు కణుపుల లోతున కూడా బురద. మురుగు వాసన. డబ్బా ఎత్తి అడుగు చూశాను, ఒక్క సూరాఖ్ లేదు.

మర్జ్ అర్థమైంది. ఇలాజ్ చెప్పబోతూ ఆకు వంక సరిగా చూశాను.

పుంటికూర ఆకు చేతివేళ్ళలా చీలి ఉన్నా మొదట్లో అంతా ఒకటే ఆకు. కాడ చాలావరకు ఎర్రగా ఉంటుంది, నమిలితే పులుపు తెలుస్తుంది. ఇక్కడ ఐదు, ఏడు చిన్న ఆకులు కాడ కొసన విడివిడిగా మొలిచి, అంచులకు రంపం పళ్ళలా గంట్లున్నాయి. వేళ్ళతో నలిపితే జిగట. ఆ వాసన క్రైమ్ వార్తలకు తిరిగినవాడికి కొత్త కాదు. పోలీస్ స్టేషన్ వరండాలో బస్తాలు పేర్చి ఫొటోలకు పిలిచినప్పుడల్లా పీల్చిందే.

ఖాలా పొరపాటు పడడంలో తాజ్జుబ్ ఏమీ లేదు. గోగునార ఇచ్చే గోంగూర మొక్కకు వృక్షశాస్త్రం పెట్టిన పేరే హైబిస్కస్ కన్నాబినస్, అంటే గంజాయిని పోలినది అని. 2014లో అమెరికాలోని జార్జియాలో ఒక పెద్దాయన ఇంటి బెండ మొక్కలను హెలికాప్టర్‌లోంచి చూసిన పోలీసులు గంజాయి అనుకుని తుపాకులతో, కుక్కతో దిగారు. హెలికాప్టర్ ఉన్నవాళ్ళకే తెలియకపోతే మా ఖాలాకేం తెలుస్తుంది?

"ఖాలా, ఇది ఎవరు పెట్టారు?"

"పోరగాడే. నానీ నువ్వు దీన్ని ముట్టకు, నేను చూసుకుంటా అన్నాడు. వానికి ఈ మధ్య మొక్కల షౌఖ్ పట్టింది. వాడు కాలేజీకి పోంగనే నేనే రెండు పూటలా నీళ్ళు పోస్తున్న."

నవాసా దాచి పెంచుకుంటున్న మొక్కను నానీ మొహబ్బత్తే చంపుతోంది. నవ్వు రావలసిన చోటే. రాలేదు. నేను చెప్పిన మాట విని ఆమె మెట్ల మీద కూలబడింది. మొదట అన్న మాట "నషా? మా ఇంట్లనా?" రెండో మాట "పేపర్ల ఏస్తవా?"

ఆ రెండో ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. మా జిల్లాలో పత్తిలో, కందిలో అంతరపంటగా వేసిన గంజాయి దొరికిందన్న వార్త ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. 2021లో, అలా పండించే రైతులకు రైతుబంధు ఆపేస్తామని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించినప్పుడూ రాశాను. ఇక ఇంట్లో కుండీలో దొరికితే ఆ వార్తకు రుచి ఎక్కువ. ఫొటో, పేరు, తండ్రి పేరు, మొహల్లా. కేసు ఏమైందో మూడేళ్ళ తర్వాత ఎవరూ వేయరు. నిందితుడి పేరు మన పేరైతే, చదివేవాడు పేరు దగ్గరే ఆగి మిగతా కథ తనే అల్లుకుంటాడు. మన ఇళ్ళల్లో అమ్మీలు కొడుకు నషా చేస్తున్నాడని తెలిసినా ఖామోష్‌గా ఉండేది చాలావరకు ఈ బద్నామీకి భయపడే. ఆ భయాన్ని నేను తప్పు పట్టలేను. కానీ ఆ ఖామోషీలో పిల్లవాడు చేజారిపోతాడు.

"వేయను ఖాలా" అన్నాను.

సాయంత్రం పిల్లవాడు వచ్చాడు. "మామూ, ఒక్క మొక్కనే కదా. ఎవరికీ అమ్మను. బయట కొంటే ఏం కలుపుతారో తెలవదని ఇంట్ల పెట్టుకున్న" అన్నాడు. ఒక్క మొక్కే అయితే ఏమీ కాదని వాడి యఖీన్. ఖానూన్ లెక్క వేరు. 1985 ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం కిలో దాకా గంజాయి చిన్న మొత్తం, అది దగ్గర దొరికితే జైలు ఏడాది దాకా. గంజాయి సాగుకు సెక్షన్ 20 కింద పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జుర్మానా. సాగు అంటే ఎకరమా, పెయింట్ డబ్బానా అని ఆ సెక్షన్ అడగదు. జేబులో పొట్లం కంటే ఛత్ మీది మొక్క ఎంతో బరువైన నేరమని విన్నాక వాడి మొహం మారింది. ఇది ఇన్సాఫేనా అని నన్నడిగితే, ఒక కుర్రాడి కుండీకీ ఒక ముఠా తోటకూ ఒకే సెక్షన్ పెట్టడం నాకు సబబుగా తోచదు. కానీ నా రాయితో జమానత్ దొరకదు.

నేను మాట్లాడుతుండగానే ఖాలా పైకి వెళ్ళింది. దిగి వచ్చేసరికి మోచేతుల దాకా బురద. మొక్కను వేళ్ళతో సహా పీకి, నీళ్ళ తొట్లో ముంచి వచ్చింది. ఆ వేళ్ళు నేను చూశాను. తెల్లగా ఉండాల్సినవి గోధుమ రంగులో, ముట్టుకుంటే తొక్క ఊడి వచ్చేలా ఉన్నాయి.

మొక్క ఫిక్ర్ తీరింది. పోరగాడి ఫిక్ర్ మిగిలింది. ఏడాది నుంచి తాగుతున్నాడట. రాత్రిళ్ళు నిద్ర లేదు, చదువు మీద మనసు లేదు. ఎదిగే వయసులో రోజూ తాగేవాళ్ళలో కొందరికి మతి చెడే ప్రమాదం ఉందని డాక్టర్లు చెబుతారు. ఖాలా మొదట బాబా దగ్గరికి తీసుకుపోయి తావీజ్ కట్టిస్తానంది. కట్టించండి, దాంతో పాటు రిమ్స్‌లో మానసిక వైద్యుల దగ్గరికి కూడా పోదాం అన్నాను. చీటీ తీసుకుని లైన్లో నిలబడితే ఎవరి పేరూ పేపర్లోకి రాదు. అక్కడిదాకా రావడానికి షరమ్ అనిపించే ఇళ్ళవాళ్ళు నషా విడిపించే సర్కారీ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయవచ్చు, పైసా ఖర్చు లేదు. అదే చట్టంలో సెక్షన్ 64ఎ అని ఒకటుంది. నషాకు అలవాటైన మనిషి మీద వాడకం కేసో, చిన్న మొత్తం కేసో ఉన్నప్పుడు, తానంతట తానుగా గుర్తింపు ఉన్న చోట ఇలాజ్‌కు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి మాఫీ ఇస్తుంది. ఈ సెక్షన్ గురించి రాసిన వార్త నాకు కనబడడం అరుదు.

మొదటిసారి రిమ్స్‌కు నేనే వెంట వెళ్ళాను. డాక్టర్ వాడిని అరగంట మాట్లాడనిచ్చింది. ఖాలా బయట బెంచీ మీద తస్బీహ్ తిప్పుతూ కూర్చుంది.

పెయింట్ డబ్బా పారేయడానికి ఖాలాకు మనసొప్పలేదు. పిల్లవాడే ఇనుప చువ్వ కాల్చి అడుగున ఐదు సూరాఖ్‌లు పెట్టాడు. రేగడి తీసేసి ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపాం. మా ఇంటి నుంచి పుదీనా కాడలు ఇచ్చాను. పై మట్టి వేలికి పొడిగా తగిలితేనే నీళ్ళు పోయమని ఖాలాకు కసమ్ పెట్టాను. పుదీనా చిగురేసింది. పోరగాడు మాత్రం రెండోసారి డాక్టర్ దగ్గరికి పోనని మొండికేశాడట. నిన్న మళ్ళీ ఖాలా ఫోన్ చేసింది. జుమ్మా నమాజ్ అయ్యాక వెళ్తున్నాను.