బాడ్మింటన్ అనే ఊరు

బాడ్మింటన్ అంటే ఆట పేరనే నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అది ఒక ఊరి పేరనీ, ఆ వూళ్లోనూ మనుషులు కాపరాలు చేసుకుంటూ, కూరలు కొనుక్కుంటూ వుంటారనీ నాకు అరవై దాటాకగాని తెలియలేదు. బ్రిస్టల్‌లో మా అమ్మాయి దగ్గర వుండగా, ఓనాడు మా అల్లుడుగారు రోడ్డుమీది బోర్డు చూపించి, "అత్తయ్యగారూ, ఇదే బాడ్మింటన్‌కు దారి" అన్నారు. ఆ తరవాత ఇంకెక్కడికి తీసుకుపోయినా నా మనసు ఆ బోర్డుమీదే వున్నది.

ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ అనే జిల్లాలో వున్నదా వూరు. మనకు పెదకాకాని, చినకాకాని వున్నట్టే వాళ్లకూ పెద్ద బాడ్మింటన్, చిన్న బాడ్మింటన్ అని రెండున్నాయి. పెద్ద బాడ్మింటన్‌ను ఆనుకుని బోఫర్ట్ డ్యూకుగారి దివాణం, దాని చుట్టూ పార్కు, ఆపైన వేల ఎకరాల భూములు, అడవులు, కౌలుదార్ల పొలాలు. వీరి పూర్వుల కోట వేల్సులోని రాగ్లన్‌లో వుండేది. 1646లో అంతర్యుద్ధంలో పార్లమెంటు సేనలు దాన్ని పట్టుకుని పాడుచేశాక కుటుంబం ఇక్కడికి మకాం మార్చింది. 1682లో డ్యూకు బిరుదు వచ్చింది. ఇప్పుడున్న డ్యూకుగారు పన్నెండోవారు.

జమీందార్ల దర్జా గురించి మన పెద్దవాళ్లు కథలు కథలుగా చెప్పేవారు కదా, ఇక్కడా అంతే. 1903లో వీరి భూముల మీదుగా రైలు వేసినప్పుడు, వూరికి స్టేషను కట్టాలనీ, కావలసినప్పుడు బళ్లు ఆగాలనీ డ్యూకుగారు ఒప్పందం రాయించుకున్నారట. లండను ఎక్స్‌ప్రెస్ కూడా ఆయన కోసం ఆగవలసిందే! 1968లో ఆ స్టేషను మూసేశారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మేరీ మహారాణి, అంటే ఎలిజబెత్ రాణిగారి నాయనమ్మ, లండను వదిలి ఈ ఇంట్లోనే వున్నారు. అతిథిగా వచ్చినావిడ కూర్చోక, గోడలమీద పాకిన ఐవీ తీగెలన్నీ పీకించారట. నాకు ఆవిడ అంటే వెంటనే గౌరవం కలిగింది.

ఇక ఆట సంగతి. ఈకల బంతిని చేతి పలకలతో కింద పడకుండా ఎగరగొట్టే ఆట ఇంగ్లండులో చాలా పాతది. దాన్ని బాడ్మింటన్ వాళ్లు కనిపెట్టారనడం న్యాయం కాదు. 1860 ప్రాంతంలో వర్షం వదలని రోజుల్లో ఈ ఇంటి పిల్లలూ చుట్టాలూ పెద్ద హాల్లో తాడు కట్టి, అటూ ఇటూ నిలబడి ఆడారని చెబుతారు. ఆ హాలు గోడలనిండా జాన్ వూటన్ అనే చిత్రకారుడు వేసిన గుర్రాల బొమ్మలు, వేట బొమ్మలు. తోలుబంతి అయితే బొమ్మలు చిరుగుతాయి గనక ఈకల బంతి పట్టుకున్నారని ఒక కథ. హాలు కొలతలే తరవాత కోర్టు కొలతలైనాయని ఇంకో కథ. నిజానిజాలు ఎలా వున్నా పేరు మాత్రం ఆ ఇంటిదే.

పేరు వాళ్లదైతే నిబంధనలు మన దేశంలో పుట్టాయి. 1870 తరవాతి రోజుల్లో పూనా దండులో వుండే ఇంగ్లీషు ఆఫీసర్లు ఈ ఆటకు ఒక పద్ధతి ఏర్పరచి రాసుకున్నారు. దానికి పూనా ఆట అనే పేరు కూడా వుండేది. వాళ్లు సెలవులకు వెళుతూ ఆటను మళ్లీ ఇంగ్లండుకు మోసుకుపోయారు. అక్కడ 1893లో సంఘం ఏర్పడింది, 1899లో ఆలిండియా లాంటి పెద్ద పోటీ, వాళ్లమాటలో ఆల్ ఇంగ్లండ్, మొదలైంది. మన ప్రకాశ్ పడుకోనే 1980లోనూ, మన పుల్లెల గోపీచంద్ 2001లోనూ గెలిచింది దాన్నే.

ఒక వింత చెబుతాను. 1901 దాకా ఈ ఆట కోర్టు ఇప్పటిలా నలుచదరంగా వుండేది కాదు. ఢమరుకంలాగ నడుము దగ్గర సన్నంగా వుండేది. ఇది చదివినప్పుడు నాకు వొళ్లు జలదరించింది. ఎందుకంటే అలాంటి కోర్టుమీదే నేను ఆట నేర్చుకున్నాను.

గుడివాడలో మా ఇంటి పెరడు పొడుగ్గానే వుండేది కాని సరిగ్గా మధ్యలో ఒకపక్క తులసికోట, ఒకపక్క నుయ్యి. మా అక్కయ్య పొద్దున్నే వాకిట్లో ముగ్గు పెట్టగా మిగిలిన పిండితో పెరట్లో కోర్టు గీసేది. తులసమ్మను తొక్కకూడదు, నూతిలో పడకూడదు గనక గీత మధ్యలో లోపలికి వంపు తిరిగేది. దండేనికి అమ్మ పాతచీర కడితే అదే వల. మగపిల్లలు బయట మైదానంలో పసుపుపచ్చ ఉన్ని బంతితో అయిదుగురేసి ఆడే బాల్ బాడ్మింటన్ ఆడుకునేవారు. తంజావూరునుంచి వచ్చిన ఆ ఆటకు మన జిల్లాల్లో ఎంత మోజో పెద్దవాళ్లకు గుర్తుండే వుంటుంది. ఆ ఆటలో 1970లో అర్జున అవార్డు తెచ్చుకున్న పిచ్చయ్యగారు మనవారే. మైదానం మగపిల్లలది గనక ఆడపిల్లలకు పెరడూ, ఈకల బంతీ మిగిలాయి.

అక్కయ్య ఆట అలాంటిలాంటిది కాదు. కాక్ నూతిగట్టుకు అంగుళం ఇవతల పడేలా వెయ్యగలదు. 1963లో, తనకు పధ్నాలుగేళ్లప్పుడు, స్కూల్లో డ్రిల్లు టీచరుగారు జిల్లా పోటీలకు బందరు తీసుకువెళతానని ఇంటికి వచ్చి అడిగారు. నాన్నగారు ఆవిణ్ణి కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, ఎంతో మర్యాదగా, "పొరుగూరు వెళ్లి పదిమందిలో గెంతిన పిల్లను రేపు ఎవరు చేసుకుంటారమ్మా?" అన్నారు. టీచరుగారు కాఫీ పూర్తిగా తాగకుండానే లేచారు. రెండేళ్లలో అక్కయ్య పెళ్లయిపోయింది. బ్యాటు అటకెక్కింది. నాన్నగారు చెడ్డవారు కారు. ఆ రోజుల్లో మా వీధిలో ఏ నాన్నగారైనా అదే మాట అనేవారు.

బాడ్మింటన్ వెళుతున్నానని ఫోనులో చెబితే అక్కయ్య ఒకటే కోరింది. "ఏమే, ఆ హాలు పొడుగూ వెడల్పూ కనుక్కురా. మన పెరడు పెద్దదో వాళ్ల హాలు పెద్దదో చూద్దాం."

ఆ ఇంట్లో ఆటలంటే అన్నిటికన్న ముందు వేట. వెనక లేళ్లను వేటాడేవారు. 1762లో అయిదో డ్యూకుగారు ఓ రోజు లేడి దొరక్క విసుగెత్తి తిరిగివస్తూ కుక్కలను నక్కమీదికి వదిలారనీ, ఆ పరుగు నచ్చి అప్పటినుంచీ నక్కల వేటకే మారారనీ ఐతిహ్యం. అందరూ ఎర్రకోట్లు తొడిగితే వీరి వేటగాళ్లు నీలం కోట్లు తొడుగుతారు. ఎనిమిదో డ్యూకుగారు 1885నుంచి బాడ్మింటన్ లైబ్రరీ అని ఆటలమీద పుస్తకాలు వరసగా వేయించారు. మొదటి సంపుటం వేటమీదే. ఆ వెనక క్రికెట్టు, గోల్ఫు, సైకిలు తొక్కడం, ఒకటేమిటి, ఇరవైకి పైగా వచ్చాయి.

పదో డ్యూకుగారికి చిన్నతనంలోనే సొంతంగా వేటకుక్కలుండేవి. అందుకని ఆయన్ని జీవితాంతం 'మాస్టర్' అనే పిలిచేవారు. ఆయన 1984లో పోయారు. ఆ సంవత్సరం చివరలోనే వేటను ద్వేషించే వాళ్లు కొందరు రాత్రివేళ ఆయన సమాధి తవ్వబోయారు. నాకు వేటా నచ్చదు, సమాధి తవ్వడం అంతకన్నా నచ్చదు. 2005 ఫిబ్రవరినుంచి ఇంగ్లండులో కుక్కలతో నక్కలను వేటాడ్డం చట్టవిరుద్ధమైంది. నక్కలకు మంచి జరిగిందనే నా ఉద్దేశం.

ఆ పదో డ్యూకుగారే మరో పని చేశారు. 1948 లండను ఒలింపిక్సులో గుర్రపుస్వారీ మూడురోజుల పోటీ చూశారు. సొంతగడ్డమీద బ్రిటిషు జట్టుకు పతకం రాలేదు. మనవాళ్లకు సాధన చెయ్యడానికి ఒక చోటంటూ వుండాలని తన పార్కు ఇచ్చారు. 1949లో మొదటి పోటీకి 22 గుర్రాలు దిగాయి. ఎనిమిదేళ్లు తిరిగేసరికి 1956లో బ్రిటిషు జట్టు ఒలింపిక్సు బంగారు పతకం తెచ్చింది. ఇప్పుడు ఏటా మే మొదట్లో జరిగే ఆ పోటీ ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి.

ఇందులో ఆడవాళ్లకు వేరే, మగవాళ్లకు వేరే పోటీ లేదు. ఒకే పందెం, ఒకే కొలత. 1954లో మార్గరెట్ హఫ్ అనే ఆవిడ మగవాళ్లందరినీ దాటి గెలిచింది. షీలా విల్‌కాక్స్ 1957, 58, 59ల్లో వరసగా మూడేళ్లు గెలిచింది. అంత గెలిచినా 1960లో ఒలింపిక్సుకు పోవడానికి వీల్లేదు, ఈ పోటీలో ఆడవాళ్లకు అక్కడ ప్రవేశం లేదు గనక. ఆ తలుపు 1964లోగాని తెరుచుకోలేదు. బందరు పంపని నాన్నగార్లు అన్ని దేశాల్లోనూ వున్నారన్నమాట.

మేము వెళ్లింది 2022 మే 7, శనివారం. రెండేళ్లు కరోనావల్ల ఆగి మళ్లీ మొదలైన సంవత్సరం. జనం మన తిరునాళ్లకు వచ్చినట్టే వచ్చారు. తేడా అల్లా, మనం పిల్లల్ని చంకనేసుకుంటాం, వాళ్లు కుక్కల్ని తాడు కట్టి తెచ్చుకుంటారు. డేరాల్లో బూట్ల కొట్లు, టోపీల కొట్లు, మురబ్బాల కొట్లు. మా అల్లుడుగారు కారు డిక్కీలోంచి తీసిన పులిహోర గిన్నె వాసనకు మూడు కుక్కలు వచ్చి మా చుట్టూ చేరాయి.

గురు, శుక్రవారాల్లో గుర్రాన్ని బుద్ధిగా నడిపించి చూపాలి. శనివారం నాలుగు మైళ్లకు పైగా పరుగు. దారిలో దుంగలు, కందకాలు, కంచెలు, చెరువు. ముప్పై దూకుళ్లకు తక్కువ కాదు. అన్నీ పన్నెండు నిమిషాల్లోపల. గుర్రం మొరాయిస్తే 20 తప్పులు, ఆలస్యమైన ప్రతి సెకనుకూ నాలుగు పదోవంతులు. ఆదివారం పొద్దున డ్యూకుగారి ఇంటిముందే గుర్రాలను నడిపించి, కుంటుతున్నవాటిని తీసేస్తారు. మిగిలినవి చివరి దూకుళ్లకు వెళతాయి. ఇందులో గుర్రాలూ, స్వారీ చేసేవాళ్లూ ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు వున్నాయి. ఇప్పుడు కొన్ని అడ్డుకర్రలను గుర్రం గట్టిగా తగిలితే ఊడిపోయేలా అమరుస్తున్నారు. అయినా చెరువు దగ్గర ఒక్కో గుర్రం గాల్లోకి లేచినప్పుడు నేను గట్టిగా కళ్లు మూసుకుని, నీళ్ల చప్పుడు విని తెరిచేదాన్ని.

అలా తెరిచినప్పుడొకసారి లారా కొలెట్ వెళుతూ కనిపించింది. 2013లో ఈవిడ గుర్రం కూలిపోయి మీదపడితే ఆరు రోజులు స్పృహ లేదు. కుడికన్ను చూపు పోయింది. ఆ కంటితోనే తిరిగి గుర్రమెక్కి, టోకియోలో జట్టుతో బంగారు పతకం తెచ్చింది. దూకబోయే కంచె ఎంత దూరంలో వుందో ఒక్క కంటితో అంచనా వెయ్యడం ఎలాగో నాకు తెలియదు. సూదిలో దారం ఎక్కించడానికే నాకు రెండు కళ్లూ, కళ్లజోడూ, పైన మనవడూ కావాలి. మర్నాడు ఆవిడ, లండన్ 52 అనే తన గుర్రంతో, ఆ పోటీల చరిత్రలో అప్పటిదాకా ఎవరికీ లేనంత తక్కువ తప్పులతో గెలిచింది.

అక్కయ్య అడిగిన కొలత మాత్రం దొరకలేదు. ఆ ఇల్లు డ్యూకుగారి సొంత నివాసం, పోటీలకు వచ్చినవాళ్లను లోపలికి రానివ్వరు. దూరంనుంచి తెల్లటి కిటికీల వరస చూసి, ఈ కిటికీల వెనక ఎక్కడో ఆ హాలు వుండాలనుకున్నాను. ఫోనులో చెబితే అక్కయ్య, "పోనీలే, మన పెరడే పెద్దదనుకుందాం" అన్నది.

ఆ ఫోనులోనే అసలు గొడవ బయటపడింది. అక్కయ్య మనవరాలికి పధ్నాలుగేళ్లు. హైదరాబాదులో షటిల్ నేర్చుకుంటోంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వెళుతుంది. పదో తరగతి వస్తోంది గనక ఇక ఆట కట్టిపెట్టాలని వాళ్ల నాన్న, అంటే అక్కయ్య కొడుకు, పట్టుబట్టాడు. చదువు మాట కనక వాణ్ణి తప్పు పట్టలేం. ఫీజులూ, కాక్‌ల ఖర్చూ తక్కువ కాదు. పిల్ల రెండు రోజులు అన్నం మానేసిందట. "నువ్వు చెప్పవే, పిన్ని మాట వింటాడు" అన్నది అక్కయ్య. చెప్పాను. విన్నాడు. అవునూ అనలేదు, కాదూ అనలేదు.

సరిగ్గా వారానికి, మే 15న, బాంకాకులో థామస్ కప్పు ఫైనలు. ఆ కప్పు కూడా మొదలైంది 1949లోనే. అన్నేళ్లలో మనదేశం ఒక్కసారీ ఫైనలు దాకా రాలేదు. అవతల 14 సార్లు గెలిచిన ఇండోనీషియా. మాకిక్కడ పొద్దున, వాళ్లకక్కడ మధ్యాహ్నం. లక్ష్య సేన్ మొదటిది గెలిచాడు. రెండోది మన అమలాపురం సాత్విక్, చిరాగ్ జంట. మూడోది మన గుంటూరు శ్రీకాంత్. మూడుకు సున్నా! వెంటనే ఫోను మోగింది. వెనకాల అక్కయ్య కొడుకు టీవీ ముందు పెడుతున్న కేకలు నాకు బ్రిస్టల్‌కు వినపడుతున్నాయి.

"విన్నావా వీడి అరుపులు?" అన్నది అక్కయ్య. తరవాత ఫోను పక్కకు తిప్పి వాడితో, "ఒరే, ఆ శ్రీకాంత్‌కు పదో తరగతిలో ఎన్ని మార్కులొచ్చాయో కనుక్కురా" అన్నది.

కేకలు ఆగాయి. మర్నాడు పిల్ల మామూలుగానే నాలుగున్నరకు లేచిందట. స్కూటరు మీద దింపి వచ్చింది వాళ్ల నాన్నేనట.