జాంబేజీ వెంట: సరుకు నుంచి సొమ్ము దాకా

జాంబియా దేశపు వాయవ్య మూలన కలేనె కొండలున్నాయి. అక్కడ సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున, చెట్ల వేళ్ల మధ్య ఊరే సన్నని ఊటే జాంబేజీ నది. హిందూ మహాసముద్రాన్ని చేరేలోగా అది దాదాపు 2,600 కిలోమీటర్లు నడిచి, ఆరు దేశాలను తాకుతుంది. దీని పరీవాహకంలో రాగి ఉంది, బొగ్గు ఉంది, కరెంటు ఉంది, చేప, చెరకు, కంది ఉన్నాయి. వాటి కోసం నూరేళ్లుగా బయటి డబ్బు వస్తూనే ఉంది. అందులో కొంత పండింది, చాలా కొట్టుకుపోయింది.

ఆఫ్రికాలో వ్యాపారం అనగానే అక్కడ నేల కింద ఏముందని అడగడం మనకు అలవాటు. ఈ నది వెంట దిగువకు వెళ్లేకొద్దీ అడగాల్సిన ప్రశ్న మారుతుంది. సరుకు ఉండటం వేరు, అది సొమ్ము కావడం వేరు. ఆ రెండింటి మధ్య దారి ఎవరి చేతిలో ఉంది?

నది అంగోలాలోకి వెళ్లి, మళ్లీ జాంబియాలోకి తిరిగొచ్చి, బరోట్సే మైదానంలో విశాలంగా పరుచుకుంటుంది. ఇది లోజీల నేల. ఏటా వరద పెరగగానే వాళ్ల రాజు లితుంగా నలికువాండా అనే పెద్ద పడవెక్కి, పల్లపు లేలుయి నుంచి మెట్ట మీది లిముళుంగకు తరలివెళ్తారు. జనం వెంట నడుస్తారు. కువోంబోక అనే ఆ పండుగ వెనక తరాల నీటి లెక్క ఉంది. వరద తీశాక పశువులకు మేత, వరికి తేమ, వలకు చేప. మోంగు బియ్యానికి జాంబియాలో మంచి పేరుంది. అయినా వానాకాలమంతా అవతలి గట్టు సరుకుకు పడవే దిక్కుగా ఉండేది. 2016లో మోంగు, కలాబోల మధ్య 34 కిలోమీటర్ల రోడ్డు 26 వంతెనలతో పూర్తయ్యాక లారీ మైదానం దాటింది. రోడ్డు రాగానే మిల్లుకు, శీతల గిడ్డంగికి చోటు ఏర్పడింది. పెద్ద కంపెనీల కంటికి ఆనని అవకాశాలివి, నిలకడగా పండేవి కూడా ఇవే.

నమీబియా సరిహద్దు దాటి కజుంగుల చేరితే నాలుగు దేశాలు ఒకదానికొకటి కనిపిస్తాయి. రాగిని దక్షిణాఫ్రికా రేవులకు మోసే లారీలు ఇక్కడ బల్లకట్టు కోసం రోజుల తరబడి వరస కట్టేవి. ఆగిన లారీకి డ్రైవరు బత్తెం, అప్పు మీద వడ్డీ ఆగవు. అదంతా సరుకు ధర మీదే పడేది. 2021 మేలో జాంబియా, బోట్స్వానా కలిసి 923 మీటర్ల వంతెన తెరిచాయి. జింబాబ్వే జలాల్లోకి వెళ్లకుండా దాన్ని వంపు తిప్పి కట్టారు. వంతెనతోపాటు రెండు దేశాల తనిఖీ ఒకేచోట జరిగే ఏర్పాటూ వచ్చింది. ఆఫ్రికా దేశాల మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద వ్యాపారం అదే ఏడాది జనవరిలో మొదలైంది. ఒప్పందం కాగితం దిగి నేల మీదికి రావాలంటే ఇలాంటి వంతెనలే కావాలి.

అక్కడి నుంచి కొద్ది దూరంలోనే నది 108 మీటర్ల లోయలోకి దూకుతుంది. స్థానికులు మోసి ఓవా తున్యా అనే విక్టోరియా జలపాతం అదే. రెండు ఒడ్డులూ పర్యాటకుల మీద బతుకుతున్నాయి. ఇక దిగువన, నీళ్లు అందానికి కాక కరెంటుకు లెక్కలోకి వచ్చే చోటు కరీబా.

కరీబా ఆనకట్ట 1955లో మొదలై 1959లో ముగిసింది. 1956లో ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 8 కోట్ల డాలర్ల అప్పు, అప్పటికి ఆ బ్యాంకు ఇచ్చిన వాటిలో అతి పెద్దది. నీటి పరిమాణంలో ప్రపంచంలోనే అతి పెద్ద మానవ నిర్మిత జలాశయం వచ్చింది. ఒడ్డునున్న టోంగా ప్రజలు సుమారు 57,000 మంది ఊళ్లు వదలాల్సి వచ్చింది. వాళ్ల నేలను ముంచి పుట్టిన కరెంటు రాగి గనులకు వెళ్లింది. ఒడ్డు ఊళ్లు దశాబ్దాల పాటు చీకట్లోనే ఉన్నాయి.

ఇప్పుడు ఆ నీరే నమ్మకంగా లేదు. కరెంటులో ఐదింట నాలుగు వంతులకు పైగా నీటి మీదే ఆధారపడిన జాంబియా, 2024 ఫిబ్రవరిలో కరవును జాతీయ విపత్తుగా ప్రకటించింది. కరీబా అడుగంటింది. ఆ ఏడాది చాలా ఇళ్లకు రోజులో కొద్ది గంటలే కరెంటు. మంగలి షాపు, వెల్డింగు షెడ్డు, కోళ్ల ఫారం ఒకదాని వెంట ఒకటి నిలిచిపోయాయి.

కరీబా సరస్సుకు ఉత్తరాన, సినజోంగ్వే ప్రాంతంలో ఉన్న మాంబా బొగ్గు గని మనకు దూరపుదేమీ కాదు. పాల్వంచలో ఫెర్రో అల్లాయ్స్‌తో ఎదిగిన హైదరాబాద్ కంపెనీ నవభారత్, 2010లో ఆ గనిలో 65 శాతం వాటా తీసుకుంది. మిగతాది జాంబియా ప్రభుత్వ గనుల సంస్థది. గని పక్కనే 300 మెగావాట్ల థర్మల్ కేంద్రం కట్టింది. బొగ్గు అక్కడే, కొనేవాళ్లు అక్కడే, కరెంటుకు కొరత ఎలాగూ ఉంది. ఇన్ని కలిసొచ్చినా చిక్కు బిల్లు దగ్గర వచ్చింది. కరెంటు కొనే ప్రభుత్వ సంస్థ ఖర్చు కంటే తక్కువకు అమ్ముతూ, ఆదాయం స్థానిక క్వాచాల్లో, బాకీలు డాలర్లలో పెట్టుకుని కూర్చుంది. 2020 నవంబరులో జాంబియా ప్రభుత్వమే విదేశీ బాండ్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. మాంబాకు రావాల్సిన బాకీ వందల మిలియన్ల డాలర్లకు పెరిగి, వ్యవహారం మధ్యవర్తిత్వం దాకా వెళ్లింది. ఆ తర్వాతే డబ్బు వాయిదాల్లో రావడం మొదలైంది. కంపెనీ వదిలి రాలేదు. ఇప్పుడు మరో 300 మెగావాట్లు కడుతోంది. గిరాకీ ఎంత ఉన్నా, కొన్నవాడు ఏ కరెన్సీలో, ఏ హామీతో చెల్లిస్తాడన్నది ముందే తేల్చుకోవాలన్న పాఠాన్ని ఒక తెలుగు కంపెనీ ఖాతా పుస్తకమే నేర్పింది.

కరీబా దిగువన చిరుందు దాటగానే కఫూయే నది వచ్చి కలుస్తుంది. అది రాగి గనుల నడుమ నుంచి వస్తుంది. కొంకోలా గనుల్లో 51 శాతాన్ని వేదాంత 2004లో కొంది. కాలుష్యం వల్ల నీళ్లు, పొలాలు పాడయ్యాయంటూ చింగోలా పరిసరాల గ్రామస్తులు 1,800 మందికి పైగా లండన్ కోర్టుకెక్కారు. ఆ కేసు అక్కడే విచారించవచ్చని 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి నెలలో జాంబియా ప్రభుత్వం గనిని లిక్విడేటర్ చేతిలో పెట్టింది. 2023లో రాజీ కుదిరేదాకా నాలుగేళ్లకు పైగా కాలం కరిగిపోయింది. 2025 ఫిబ్రవరిలో చాంబిషి దగ్గర ఒక చైనా కంపెనీ వ్యర్థాల కట్ట తెగి, ఆమ్లం కలిసిన నీరు కఫూయేలోకి వచ్చింది. కిట్వే నగరానికి మంచినీళ్లు ఆపాల్సి వచ్చింది. విద్యుత్ వాహనాల యుగంలో రాగికి గిరాకీ పెరుగుతుందనడంలో అనుమానం లేదు. అయితే నీళ్లు తాగే జనాన్ని లెక్కలోంచి తీసేసిన గనికి ఆ గిరాకీ అక్కరకు రాదు.

మొజాంబిక్‌లోకి అడుగుపెట్టాక కహోరా బాసా. పోర్చుగీసు పాలన చివరి రోజుల్లో, 1974లో పూర్తయిన ఈ ఆనకట్ట సామర్థ్యం 2,000 మెగావాట్లకు పైనే. కరెంటు 1,400 కిలోమీటర్ల తీగల మీద దక్షిణాఫ్రికాకు వెళ్తుంది. అంతర్యుద్ధంలో ఆ స్తంభాలను పేల్చేయడంతో 1997 దాకా సరఫరా నిలిచిపోయింది. స్వాతంత్ర్యం వచ్చిన మూడు దశాబ్దాలకు, 2007లో, ఆనకట్ట మీద పెత్తనాన్ని మొజాంబిక్ ప్రభుత్వం డబ్బిచ్చి కొనుక్కుంది.

ఇంకాస్త దిగువన తేతే, మోయాతీజీ. ఉక్కుకు కావలసిన కోకింగ్ బొగ్గు ఇక్కడుంది. 2011లో రియో టింటో ఇక్కడి గనుల కోసం దాదాపు 400 కోట్ల డాలర్లు పోసింది. బొగ్గును బల్లకట్ల మీద జాంబేజీలోనే సముద్రానికి దించవచ్చని లెక్క వేసుకుంది. ప్రభుత్వం అందుకు అనుమతి ఇవ్వలేదు. తవ్వితే దొరికే మేలు బొగ్గూ అనుకున్నంత లేదని తేలింది. 2013 జనవరిలో సుమారు 300 కోట్ల డాలర్లు నష్టం కింద రాసుకున్నారు, సీఈఓ తప్పుకున్నారు. 2014లో ఆ గనులను కేవలం 5 కోట్ల డాలర్లకు కొన్నది భారత ప్రభుత్వరంగ సంస్థల కూటమి ఐసీవీఎల్. అందులో విశాఖ ఉక్కు ఉంది, హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఎన్‌ఎండీసీ ఉంది. ధరలు పడి కొంతకాలం తవ్వకం ఆగినా, మళ్లీ మొదలైంది. మలావీ మీదుగా నకాలా రేవుకు 900 కిలోమీటర్ల రైలు మార్గాన్ని సిద్ధం చేసుకున్న బ్రెజిల్ కంపెనీ వేల్ సైతం, బొగ్గు వ్యాపారం వద్దనుకుని 2022లో తన గనిని, మార్గాన్ని 27 కోట్ల డాలర్లకు జిందాల్‌ల వల్కన్‌కు ఇచ్చేసింది. చౌకగా దొరికిందని మనవాళ్లు సంబరపడే ముందు, అంత పెద్ద సంస్థలు ఎక్కడ తడబడ్డాయో చదువుకోవాలి.

మోయాతీజీ నుంచి బెయిరా రేవుకు సేనా రైలు మార్గం వెళ్తుంది. యుద్ధంలో పాడైన ఆ మార్గాన్ని బాగుచేసి నడిపే హక్కు 2004లో మన రైల్వే సంస్థలు రైట్స్, ఇర్కాన్‌లకు దక్కింది. పనుల ఆలస్యం, నాణ్యత మీద తగాదాలు ముదిరి, ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. పరాయి దేశంలో మన మాట నిలబడాలంటే పని గడువుకు పూర్తి కావాలి.

సేనా దిగువన ఎడమ గట్టు జాంబేజియా రాష్ట్రం. మన వంటింటికి వచ్చే కందుల్లో కొన్ని ఈ నేలలోనే పండుతాయి. 2016లో పప్పు ధరలు మండినప్పుడు, కందులు కొంటామని భారత్ మొజాంబిక్‌తో ఒప్పందం చేసుకుంది. చిన్న రైతులు ఆశగా విత్తారు. 2017లో ఇక్కడ పంట విరగపండి, దిగుమతులకు మనం పరిమితి పెట్టగానే అక్కడ ధర కుప్పకూలింది. ఒప్పందంలోని పరిమాణం అలాగే ఉన్నా రైతు చేతికి ఆ ధర రాలేదు. ఆఫ్రికాలో విధానాలు నిలకడగా ఉండవని ఫిర్యాదు చేసే మనం, ఆ రైతు కళ్లతో మనల్ని చూసుకోవాలి. అక్కడే పప్పు మిల్లులు పెట్టి, బద్దలు తీసి, ముందే ఖాయం చేసిన ధరకు కొంటే పని అక్కడివాళ్లకు, నమ్మకమైన సరఫరా మనకు దక్కుతాయి. పప్పు మిల్లు నడపడం మన ఊళ్లకు కొత్త విద్య కాదు.

మరోమ్యూ చెరకు తోటలు దాటాక నది పాయలుగా చీలి, మడ అడవుల్లోంచి చిండే దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇక్కడి తీరపు రొయ్య ఒకప్పుడు మొజాంబిక్‌కు ప్రధాన ఎగుమతి. రొయ్య పిల్ల ఎదగడానికి వరద నీరు కావాలి. పైన ఆనకట్టలు వరదను పట్టి ఉంచడంతో రొయ్య తగ్గిందని శాస్త్రవేత్తలు చూపించారు. కరీబాలో, కహోరా బాసాలో తెరిచే గేట్ల లెక్క సముద్రంలో వల వేసేవాడి రాబడిని నిర్ణయిస్తోంది. నది వెంట ఒక పెట్టుబడి లాభం మరొకరి నష్టంగా దిగువకు పారుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కాబట్టి ఆఫ్రికాకు వెళ్లాలనుకునే మన వ్యాపారులు గని నమూనాలు చూసే ముందు నాలుగు విషయాలు తేల్చుకోవాలి. సరుకు ఏ దారిన రేవు చేరుతుంది? కొన్నవాడు ఏ కరెన్సీలో చెల్లిస్తాడు? కరవు ఏడాదిలో కరెంటు ఎక్కడినుంచి వస్తుంది? గట్టు మీది జనానికి ఇందులో ఏం దక్కుతుంది? ఈ నాలుగింటికీ జవాబున్న చోట అవకాశం నిజమైనది. జాంబేజీ ఒడ్డున ఓడిన పెట్టుబడుల్లో ఎక్కువ భాగం సరుకు లేక ఓడలేదు, ఈ జవాబుల్లో ఒకటి లేక ఓడాయి. ఆ జవాబులు వెతకడానికి ఓపిక పట్టేవాళ్లకు, అక్కడివాళ్లను భాగస్వాములుగా చూసేవాళ్లకు ఆ నేల మీద చోటుంది.